ధర్నాల్లో గొడవ ఎవరి వల్ల మొదలవుతుంది? షీల్డులు, హెల్మెట్లతో వచ్చే పోలీసుల వల్లనా, జనం వల్లనా?

జనం రాళ్లు వేస్తారని పోలీసులు షీల్డులు తెచ్చుకుంటారా, షీల్డులు చూసి జనం రాళ్లు తీస్తారా అనేది కదా ప్రశ్న. నన్నడిగితే రెండూ కాదు. రాయి కంటే ముందు, షీల్డు కంటే ముందు దారి మూస్తారు. గొడవ పుట్టేది అక్కడే. ఇది ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు, కళ్లారా చూశాను.

మా అమ్మ అంగన్‌వాడీ టీచర్, చిత్తూరు దగ్గర ఒక పల్లెలో. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు జరిగిన సమ్మెలో తనూ కూర్చుంది. నేను తిరుపతిలో పని చేస్తాను, ఆ నెలన్నరలో వీలు దొరికినప్పుడల్లా ఊరికి వచ్చి అమ్మను బండి మీద టెంటు దగ్గర దింపి సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడిని. అప్పట్లో టీచరుకి నెలకు 11,500, ఆయాకి 7,000. వాళ్లు అడిగింది కనీస వేతనం 26,000, గ్రాట్యుటీ. గ్రాట్యుటీ మీకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. కోర్టు ఇవ్వమన్నదాన్ని ఇవ్వమని రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది, ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ధర్నా గురించి మాట్లాడే ప్రతివాళ్లూ లాఠీ దగ్గర మొదలుపెడతారు, జీతం దగ్గర మొదలుపెట్టరు.

మొదటి ఇరవై, ఇరవై అయిదు రోజులు అక్కడ ఏ గొడవా లేదు. వందల మంది ఆడవాళ్లు, అడ్డంగా ఒక తాడు, పక్కన నలుగురైదుగురు పోలీసులు. లోకల్ స్టేషన్ హెడ్ కానిస్టేబుల్ ఒకాయన రోజూ వచ్చేవాడు, యాభై దాటిన మనిషి. టెంటులో టీ తాగేవాడు. "మా, పదకొండుకి సార్ కారు పోతాది, ఆ పది నిమిషాలు ఈ పక్క దారి ఇడిసిపెట్టండి మా" అనేవాడు. వీళ్లు లేచి పక్కకు జరిగేవాళ్లు, కారు పోగానే మళ్లీ కూర్చునేవాళ్లు. ఎవరికి షుగరో, ఎవరు ఎక్కడ స్పృహ తప్పారో ఆయనకు తెలుసు, యూనియన్ లీడర్ల నంబర్లు ఆయన ఫోన్లో ఉండేవి. మధ్యాహ్నం ఎవరో ఒకరు సంగటి, చెనిక్కాయ చట్నీ తెస్తే ఆయనకూ ఒక ముద్ద పెట్టేవాళ్లు. పోలీసింగ్ అంటే అదేనని నేను ఈ రోజుకీ నమ్ముతాను.

సంక్రాంతి దగ్గర పడింది. 2024 జనవరి 6న ఎస్మా పెట్టారు, అంటే ఆరు నెలలు సమ్మె చేయడమే నేరం. అంతకుముందే కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. ఆ తాళాల సంగతి విని మా అమ్మ ఏడ్చింది, జీతం గురించి మాత్రం ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ కేంద్రంలో గోడలకు అతికించిన బొమ్మలన్నీ తన డబ్బులతో కొన్నవి. పండగ నెల కాబట్టి వీళ్లు టెంటు ముందు రోడ్డు మీద ముగ్గులు వేసేవాళ్లు, ముగ్గు మధ్యలో రంగులతో "26,000" అని రాసేవాళ్లు. గొడవ జరిగిన రోజు పొద్దున కూడా పెద్ద రథం ముగ్గు వేశారు, ఏడెనిమిది మంది కూర్చుని గంటన్నర కష్టపడ్డారు.

ఆ రోజు ఒక పెద్ద ఆఫీసరుకి వినతిపత్రం ఇవ్వాలనుకున్నారు. ఏ ఆఫీసు, ఎవరు అనేది వద్దులెండి. పది మంది లోపలికి పోయి కాగితం ఇచ్చి వస్తామన్నారు. గేటు మూసేశారు. పది గంటలకు రెండు బస్సుల్లో బయటి నుంచి వచ్చిన బలగాలు దిగాయి. ఛాతీకి, మోకాళ్లకు, మోచేతులకు ప్రొటెక్టర్లు, హెల్మెట్ల మీద నుంచి కిందికి దించిన అద్దాలు, ఫైబర్ లాఠీలు, షీల్డులు. వెనక వజ్ర వాహనం, బాష్పవాయువు వదిలేది. రెండు బస్సులనూ టెంటు వెనక అడ్డంగా ఆపారు. ముందు గేటు, వెనక బస్సులు, ఒక పక్క కాంపౌండు గోడ. మిగిలిన నాలుగో పక్క షీల్డుల వరస.

అక్కడున్నది ఎవరో గుర్తుంచుకోండి. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టే ఆడవాళ్లు, సగం మందికి నలభై అయిదు దాటింది, కొందరికి మోకాళ్ల నొప్పులు, ఒకామె చంకలో మనవరాలు. మన హెడ్ కానిస్టేబుల్‌ని ఎక్కడో వెనక బస్సు దగ్గర నిలబెట్టారు. నేను దగ్గరికి పోయి "అన్నా, ఏమన్నా, ఎందుకింతమంది" అంటే ఆయన నా మొహం చూడకుండా "పైనుంచి ఆర్డర్ నాయనా, అమ్మను పక్కకు తెచ్చుకో" అన్నాడు. ఎట్లా తెచ్చుకోవాలి, దారి ఎక్కడుంది?

మైకులో ఒకసారి "చెదిరిపోండి" అని వినిపించింది. చెదిరిపోవడానికి సందు లేదు. చట్టం ప్రకారం గుంపుని చెదరగొట్టేముందు చెదిరిపొమ్మని చెప్పాలి, నిజమే, చెప్పారు. కానీ ఆ మాటకు అర్థం ఉండాలంటే పోవడానికి దారి కూడా ఉండాలి కదా. తర్వాత వరస కదిలింది. బూట్లు ముగ్గు మీద పడ్డాయి. నేను కచ్చితంగా చెప్తాను, అంతవరకు అక్కడ భయమే తప్ప కోపం లేదు. ముగ్గు తొక్కగానే కోపం వచ్చింది. "ముగ్గు తొక్కతారా, మీ ఇంట్లో ఆడోళ్లు లేరా" అని ఒకామె అరిచింది. అరిచినామె ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆమె ఒక షీల్డుని రెండు చేతులతో తోసింది, ఇటు నుంచి ఇంకో షీల్డు ఆమెను తోసింది, వెనక నుంచి ఎవరో వాటర్ ప్యాకెట్ విసిరారు. ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. తాడు తెగింది, టెంటు గుంజ వంగింది, మా అమ్మ కింద పడింది, భుజం మీద ఎవరి కాలో పడింది. చెప్పులు రెండూ పోయాయి. అందరినీ డీసీఎం వ్యాన్లు ఎక్కించి ఒక కల్యాణ మండపంలో సాయంత్రం దాకా ఉంచి, పేర్లు రాసుకుని పంపించారు. అంతమందికి ఉన్నవి రెండు బాత్‌రూములు. చాలామంది పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉన్నారు, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

రాత్రి టీవీలో "ఆందోళన ఉద్రిక్తం" అని వేశారు. వాటర్ ప్యాకెట్ విసిరింది నాలుగు సార్లు చూపించారు, బస్సులు అడ్డం పెట్టింది ఒక్కసారి కూడా చూపించలేదు. ఈ "ఉద్రిక్తం" అనే మాట మీద నాకు చాలా కోపం. ఉద్రిక్తత గాల్లోంచి ఊడిపడిందా, ఎవరు ఏం చేస్తే వచ్చిందో ఎందుకు చెప్పరు? ఇరవై రోజులు ప్రశాంతంగా కూర్చుంటే పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు, తోపులాట జరిగితే మెయిన్ పేజీ. ఇంకోటి, ముందస్తు అరెస్టులు. చలో విజయవాడ అని పిలుపు ఇస్తే చాలు, ఏ సంఘమైనా సరే, ముందురోజు రాత్రే ఇళ్లకు పోయి నోటీసులిస్తారు, బస్టాండ్లలో దించేస్తారు. అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు వద్దనే 30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉందని పేపర్లో ప్రకటన కనిపిస్తూనే ఉంటుంది. అది 1861 నాటి చట్టం, 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్లు రాసుకున్నది. లీడర్లను ముందే పట్టుకుపోతే మిగిలిన జనానికి చెప్పేవాళ్లుండరు, పోలీసులతో మాట్లాడేవాళ్లుండరు. ఇంక గొడవ కాకుండా ఎట్లా ఉంటుంది?

అమెరికా సంగతి కూడా ఇదే. అక్కడ 1997 నుంచి 1033 ప్రోగ్రాం అని ఒకటి ఉంది, సైన్యం వాడి పక్కన పెట్టినవాటిని ఊరి పోలీసులకు ఇస్తారు, రైఫిళ్ల నుంచి మందుపాతరలను తట్టుకునే బండ్ల దాకా. 2014 ఆగస్టులో ఫెర్గూసన్ అనే ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే కుర్రాడిని పోలీసు కాల్చి చంపాక జనం రోడ్డెక్కితే, యుద్ధానికి పోయేటట్టు కవచం వాహనాలు తెచ్చారు, వాటి మీద నుంచి తుపాకీ గురిపెట్టారు. రాత్రి రాత్రికీ గొడవ పెరిగింది. ఆగస్టు 14న బందోబస్తు బాధ్యత హైవే పెట్రోల్ అనే రాష్ట్ర పోలీసులకు ఇస్తే, కెప్టెన్ రాన్ జాన్సన్ మామూలు యూనిఫాంలో జనంతో కలిసి నడిచాడు. ఆ రాత్రి ప్రశాంతంగా గడిచింది. తర్వాత మళ్లీ గొడవలయ్యాయి, కాదనను, కానీ ఆ ఒక్క రాత్రి చాలు నాకు. ఇదేం కొత్తగా తెలిసింది కూడా కాదు. అక్కడి 1967 అల్లర్ల మీద వేసిన కెర్నర్ కమిషన్ 24 ఘటనలను పరిశీలిస్తే, అందులో 12 చోట్ల హింస మొదలవడానికి సరిగ్గా ముందు జరిగింది పోలీసులు చేసిన పనే అని 1968లోనే రాసింది.

మన పక్కనే తమిళనాడులో తూత్తుకుడి ఉంది. స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా 99 రోజులు ఆందోళన చేశారు, నూరో రోజు, 2018 మే 22న కలెక్టరేట్‌కి ఊరేగింపుగా పోతే కాల్పులు. 13 మంది చనిపోయారు. మామూలు చొక్కా వేసుకుని వ్యాను ఎక్కి రైఫిల్‌తో గురిపెట్టిన పోలీసు ఫొటో చిత్తూరులో అందరి ఫోన్లలో తిరిగింది, మాకు తమిళనాడులో బంధువులు లేని ఇల్లు తక్కువ. ఆ కాల్పులకు సమర్థన లేదని విచారణకు వేసిన అరుణా జగదీశన్ కమిషన్ తేల్చింది. అంతకుముందు 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన కాల్పులు మీకు గుర్తుండే ఉంటాయి, మా నాన్న ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తాడు. నూరు రోజులు కూర్చున్నవాళ్ల దగ్గరికి నూరో రోజైనా ఒక ఆఫీసరు వచ్చి కాగితం తీసుకుని ఉంటే ఏమయ్యేది?

పోలీసుల మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2023 ఆగస్టు 4న మా చిత్తూరు వైపు పుంగనూరులో రాళ్ల దాడి జరిగింది, పోలీసు వాహనాలు తగలబెట్టారు, ఒక కానిస్టేబుల్‌కి కన్ను పోయింది. రాళ్లు పడే చోట హెల్మెట్ లేకుండా నిలబడమని ఏ మనిషికీ చెప్పకూడదు. ఆ బస్సుల్లోంచి దిగిన కుర్రాళ్లు కూడా పొద్దున నాలుగుకి లేచి వచ్చినవాళ్లే, ఒకడు షీల్డు కింద పెట్టి వేలు పట్టుకుని నొప్పితో నిలబడింది చూశాను. వాళ్లకు అక్కడున్నది ఎవరో తెలియదు, "గుంపు" అని చెప్పి తెచ్చారు. అద్దం దించుకున్నాక అవతలివాళ్ల మొహం సరిగా కనపడదు, వీళ్ల మొహం అవతలివాళ్లకూ కనపడదు. హెల్మెట్ బస్సులో ఉండాలి, అవసరమైతే దిగాలి. ముందు మాట్లాడే మనిషి రావాలి. 2004లో పోర్చుగల్‌లో యూరో ఫుట్‌బాల్ జరిగినప్పుడు అదే చేశారు, గుంపుల తీరుని చదివే క్లిఫర్డ్ స్టాట్ లాంటివాళ్లు దాని మీద పరిశోధన చేశారు. పోలీసులు మామూలు యూనిఫాంలో ఇద్దరిద్దరుగా అభిమానుల మధ్య తిరిగారు, కవచాలు వేసుకున్నవాళ్లను కనపడకుండా దూరంగా ఉంచారు. ఇంగ్లండ్ అభిమానులంటే యూరప్ అంతా భయపడే రోజులవి, అయినా మ్యాచ్‌లు జరిగిన ఊళ్లలో పెద్ద గొడవలు కాలేదు.

మనవాళ్లకు చేతకాక కాదు. గరుడసేవ రోజు తిరుమల మాడవీధుల్లో లక్షల మంది గంటలు గంటలు కూర్చుంటారు. వాళ్లకు మజ్జిగ, నీళ్లు, ఉప్మా అందిస్తారు, "గోవిందా" అంటూనే జరుపుతారు. అదే తిరుపతిలో 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లను పార్కులో గేటు లోపల ఉంచి, గేటు తీసేసరికి తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్లు ధర్నాకి రాలేదు, దేవుడి కోసం వచ్చారు. మూసిన గేటు ముందు భక్తులైనా ఒకటే, అంగన్‌వాడీలైనా ఒకటే. తిరుపతిలో తుపాకీ కూడా కొత్త కాదు, కొండ మీద ఉగ్రవాదులను ఎదుర్కొనే ఆక్టోపస్ దళం ఉంది, శేషాచలంలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ ఉంది. ఆ పనులు వేరు. అడవిలో దొంగల కోసం నేర్చుకున్న నడక, చూపు, అరుపు ఊళ్లోకి తెచ్చి వినతిపత్రం పట్టుకున్న ఆయా మీద చూపిస్తే మాత్రం నేను ఒప్పుకోను.

సమ్మె చివరికి జనవరి 22 రాత్రి చర్చలతో ముగిసింది. అవే చర్చలు డిసెంబరులో సరిగా జరిపి ఉంటే ఆ బస్సులకు డీజిల్ కూడా మిగిలేది.

అమ్మకు భుజం ఇంకా పూర్తిగా తగ్గలేదు, బియ్యం డబ్బా దించాలంటే ఆయాని పిలుస్తుంది. పోయిన నెల మళ్లీ ధర్నా ఉందని ఫోన్ చేసింది. వద్దులే మా అన్నాను. వినలేదు. "చెప్పులైతే జారిపోతాయి నాయనా, బూట్లు కొనిపెట్టు" అంది. గాంధీరోడ్డులో మెత్తగా ఉండే కాన్వాస్ బూట్లు కొన్నాను, ఆదివారం తీసుకుపోతున్నాను.