‘వచ్చు’కి ఒకటి, ‘గలను’కి ఒకటి

ప్రశ్న: చిన్నప్పుడు ఒంగోలులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ‘మధ్యమ’ పరీక్ష దాకా రాశాను. ఇప్పుడు అక్షరాలు తప్ప ఏమీ గుర్తు లేదు. బ్యాంకు ఉద్యోగం మీద భోపాల్ వచ్చాను. మొన్న ‘ముఝే కంప్యూటర్ చలా సకతీ హూఁ’ అంటే, పక్క సీటులో ఆవిడ ‘ముఝే’ వద్దన్నారు. సరేనని ‘మైఁ హిందీ సకతీ హూఁ’ అంటే అదీ తప్పే అన్నారు. ‘సక్నా’ ఎక్కడ వాడాలి, ‘ఆనా’ ఎక్కడ వాడాలి? ‘ఆ నహీఁ పాయీ’ అని కూడా అంటున్నారు, అదేమిటి?
— పేరు వద్దన్న పాఠకురాలు, భోపాల్

జవాబు: అమ్మా, మీరు మనసులో ఇంగ్లీషు ‘కెన్’ పెట్టుకుని దానికి హిందీ వెతుకుతున్నారు. దాన్ని వదిలేసి తెలుగులోంచి నేరుగా రండి. సగం దారి మనకు ముందే వేసి ఉంది.

‘నాకు హిందీ వచ్చు’ అంటాం కదా. హిందీలోనూ అంతే: ‘ముఝే హిందీ ఆతీ హై’. ‘నాకు’ ఉన్నచోట ‘ముఝే’, ‘వచ్చు’ ఉన్నచోట ‘ఆనా’. ‘నాకు ఈత రాదు’ అంటే ‘ముఝే తైర్నా నహీఁ ఆతా’. నేర్చుకున్న విద్య ఏదైనా ఈ అచ్చులోనే పోయాలి. హైదరాబాదు దక్కనీలో ‘మేరేకూ’ అన్నా అది ఈ ‘నాకు’లే. ఒక్క జాగ్రత్త: క్రియ మనిషిని బట్టి కాదు, విద్యను బట్టి మారుతుంది. హిందీ స్త్రీలింగం కాబట్టి మగవారూ ‘ఆతీ హై’ అనే అంటారు. మీరు ఆడవారైనా ఈత విషయంలో ‘ఆతా’ అనే అనాలి.

‘నేను చేయగలను’ అనేచోట ‘సక్నా’. అక్కడ ‘నేను’ ఉంది, కాబట్టి ‘మైఁ’. ‘మైఁ కంప్యూటర్ చలా సకతీ హూఁ’. ‘గలను’ ఒంటరిగా నిలవదు, ‘నేను హిందీ గలను’ అని మనం అనం. ‘సక్నా’ కూడా ఒంటరిగా నిలవదు. ముందు జా, లిఖ్, పఢ్ లాంటి ధాతువు ఉండాలి, ‘జానా సకతీ’ అనకూడదు. హిందీ మాట్లాడగలనని చెప్పాలంటే ‘మైఁ హిందీ బోల్ సకతీ హూఁ’. భూతకాలంలో ‘నే’ రానివ్వకండి. ‘మైఁనే ఖాయా’ (నేను తిన్నాను) సరైనదే కానీ, ‘సక్నా’ చేరగానే ‘మైఁ ఖా సకీ’ అయిపోతుంది. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

మన తెలుగు పెట్టే చిక్కు ఒకటుంది. ‘లోపలికి రావచ్చా?’లో ఉన్నదీ ‘వచ్చు’నే, కానీ అది విద్య కాదు, అనుమతి. దానికి హిందీలో ‘సక్నా’నే: ‘క్యా మైఁ అందర్ ఆ సకతీ హూఁ?’ ‘వాన పడవచ్చు’ కూడా అంతే, ‘బారిశ్ హో సకతీ హై’. వాక్యంలో ‘నాకు’ ఉంటే ‘ఆనా’, లేకపోతే ‘సక్నా’ అని చూసుకోండి. తొలి రోజులకు ఆ గుర్తు చాలు.

ఇక మీరు విన్న ‘పాయీ’, అంటే ‘పానా’. చేయాలనుకున్నా కుదరలేదంటే, మన ‘లేకపోయాను’ అంటే, అదే. ‘కల్ మైఁ నహీఁ ఆ పాయీ, బుఖార్ థా’: నిన్న రాలేకపోయాను, జ్వరం. మీ బ్యాంకు కౌంటరులో దీని అవసరం రోజూ పడుతుంది. సర్వర్ పనిచేయనప్పుడు ‘నహీఁ హో సకతా’ అంటే ఖాతాదారుకు తలుపు మూసినట్టు వినిపిస్తుంది. ‘ఆజ్ నహీఁ హో పాయేగా’ అంటే ఈరోజుకు కుదరదు, రేపు చూద్దాం అనే అర్థం అందులోనే ఉంటుంది. కొత్త ఊళ్లో ఈ తేడా పట్టుకోవడం వ్యాకరణం కన్నా ముఖ్యమని నా గట్టి నమ్మకం.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెబుతాను, ఎందుకంటే వృద్ధులు మీతో ఇలాగే మాట్లాడతారు. ‘బేటీ, ముఝ్‌సే సీఢియాఁ నహీఁ చఢీ జాతీఁ’ అంటే ‘నావల్ల మెట్లెక్కడం కాదమ్మా’ అని. ‘ముఝ్‌సే’ అంటే మన ‘నావల్ల’. దీన్ని మీరు ఇప్పుడే అనడం నేర్చుకోనక్కరలేదు, వినగానే అర్థమైతే చాలు. జవాబు మాత్రం సిద్ధంగా పెట్టుకోండి: ‘ఆప్ నీచే బైఠియే, మైఁ ఫారమ్ వహీఁ లే ఆతీ హూఁ’, అంటే ‘మీరు కిందే కూర్చోండి, ఫారం నేను అక్కడికే తెస్తాను’ అని.