గచ్చు నేలకేనా, గోడకు కూడానా?

సందేహం: మా తాతల నాటి ఇల్లు బాగుచేయిస్తున్నాం. సిమెంటు వద్దని సున్నంతోనే పని పెట్టించాం. మేస్త్రి 'గోడలకు గచ్చు పూస్తాం' అంటున్నాడు. గచ్చంటే నేల కదా, గోడకు ఆ మాట తప్పు కాదా? అలాగే వెల్ల వేయడం, సున్నం కొట్టడం... వీటిలో ఏది సరైనది? (ఒక పాఠకురాలు, కావలి)

సమాధానం: అమ్మా, ముందు మీ మేస్త్రికి నా నమస్కారం చెప్పండి. పొరపాటు ఆయనది కాదు, మనది.

గచ్చు పారసీ నుంచి వచ్చిన మాట. అక్కడ 'గచ్' అంటే గోడకు పూసే జిప్సం ముద్ద. మన దగ్గరికి వచ్చేసరికి సున్నపు ముద్దకు పేరైంది. ఆ ముద్ద పరిచి నున్నగా తోమితే గచ్చు నేల. రానురాను 'నేల' రాలిపోయి 'గచ్చు' ఒక్కటే మిగిలింది. 'అబ్బయ్యా, గచ్చు మీద పడుకోబాక, జలుబు చేస్తది' అనేది మా అమ్మ. అప్పటికే మా ఇంట్లో అది సిమెంటు. ఇప్పుడు టైల్స్ పరిచినా గచ్చే అంటున్నాం. (మేస్త్రి కూడా పోర్చుగీసు నుంచి వచ్చినవాడే, ఆ కథ ఇంకోసారి.)

చిన్నప్పుడు మా వీధి చివర సున్నపు గానుగ ఉండేది. గుండ్రటి కాలవ, అందులో రాతి చక్రం, దాన్ని తిప్పే ఒంటి ఎద్దు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం, ఇసుక, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. ముసలి మేస్త్రి మధ్యమధ్యలో కాస్త ముద్ద తీసి రెండు వేళ్ళ మధ్య రాసి చూసేవాడు. కరకరమంటే ఎద్దుకు ఇంకో పది చుట్లు. వెన్నలా జారితే 'గచ్చు అయింది, ఎత్తండి' అనేవాడు. అది గోడకు పోతుందా, నేలకు పోతుందా అన్నది ఆయనకు పట్టేది కాదు. నాకు ఆయన మాటే నిఘంటువు.

గచ్చు సంగతి అంతే. మీరు అడగని మాట ఒకటి ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సుధ.

సుధ అనగానే అందరూ అమృతం అంటారు. అమరకోశం మూడర్థాలు చెబుతుంది: పూత, అమృతం, జెముడు. ఈ మూడింటికీ చుట్టరికం ఎక్కడిది? జెముడు తుంచితే కారే పాలు చూడండి, గాబులో కలిపిన సున్నం చూడండి, పాలకడలిలో పుట్టిన అమృతాన్ని ఊహించుకోండి. తెలుపే మూడింటినీ కలిపిందని నా అనుమానం, ఒట్టు పెట్టి మాత్రం చెప్పను. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను: సుధ పూసినది సౌధం. అంతస్తులున్నందుకు కాదు, సున్నం పూసినందుకే ఆ పేరు. మట్టి మెత్తిన ఇళ్ళ మధ్య తెల్లగా మెరిసేది దొరగారి ఇల్లొక్కటే అయ్యుంటుంది. అందుకే కాబోలు, అదే అమరకోశం మరోచోట సౌధమంటే రాజుగారి ఇల్లంటుంది.

మొన్న ఒంగోలులో ఒక అపార్ట్‌మెంటు చూశాను, పేరు చివర 'సౌధ'. లోపలికెళితే పుట్టీ, ప్రైమర్, ప్లాస్టిక్ పెయింటు. వాచ్‌మన్ తాంబూలం డబ్బీలో తప్ప ఆ ఆవరణ మొత్తంలో సున్నపు చుక్క లేదు! మా విద్యార్థులూ తక్కువ తినలేదు. 'సుధాధవళమైన మేడ' అంటే 'అమృతంలాంటి తెల్లటి మేడ' అని రాస్తారు. అమృతం ఎవడు చూశాడు నాయనా, సున్నం కొట్టి తెల్లగా ఉందంటున్నాడు కవి!

సుధకూ సున్నానికీ ఒకే అక్షరంతో మొదలవడం తప్ప చుట్టరికం లేదు. సంస్కృత చూర్ణం ప్రాకృతంలో చుణ్ణమై, మన నోట సున్నమైంది. సున్నిపిండి దాని తోబుట్టువు. అంకెల్లో సున్న మాత్రం శూన్యం బిడ్డ. ఈ రెంటినీ కలపబాకండి.

ఇక మీ రెండో ప్రశ్న. రెండూ సరైనవే. వెల్ల అంటే తెలుపు. వెన్నెలలో, వెల్లుల్లిలో ఉన్నది ఆ తెలుపే. సున్నం పూసే సరుకు, వెల్ల దానివల్ల వచ్చే రంగు. తెలుపు ఇంకా తేటగా కనబడాలని చిటికెడు నీలిమందు కలిపినా అది వెల్లే. కుంచెతో గోడకేసి బాదినట్టు పూస్తారు గనుక 'కొట్టడం'లో వింతేమీ లేదు. రెండక్షరాల వెల్ల ఉండగా 'వైట్‌వాష్ చేయించాం' అనేవాళ్ళను చూస్తేనే నాకు బీపీ. మట్టిని గోడకు మెత్తుతారు, పేడతో నేల అలుకుతారు. ఇవి మీకు తెలిసినవే.

గోడకు గచ్చు అనవచ్చా అంటే, మూలాన్ని బట్టి నిక్షేపంగా అనవచ్చు. వాడుకను బట్టి కాస్త చూసుకోండి. మీ మేస్త్రికి అర్థమవుతుంది గానీ, రేపు ఇంకో మేస్త్రి వస్తే 'గచ్చు చెయ్' అనగానే నేల తవ్వడం మొదలుపెట్టగలడు. 'గచ్చుపూత' అంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదేమో. నేలను గచ్చు అనడం మానమని నేను చెప్పను, చెప్పినా మా ఇంట్లోనే వినరు.

మీ మేస్త్రి ఆ ముద్దలో ఏమేం కలుపుతున్నాడో, వాటిని ఏ పేర్లతో పిలుస్తున్నాడో ఈసారి ఉత్తరంలో రాయండి. 'మిక్స్' అంటే మాత్రం రాయబాకండి.