ధాన్యం కొట్టులో, పశువుల శాలలో ఎలుకలు: మందు మళ్లీ పెట్టే ముందు

జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కలిపిన నూకలు పెడితే మొదటి రాత్రి కొన్ని ఎలుకలు చచ్చాయనీ, ఆ తరువాత ఒక్కటీ వాటిని ముట్టలేదనీ, ఇంట్లో చిన్నపిల్లలూ కుక్కా ఉన్నందున మళ్లీ మందు పెట్టడానికి భయంగా ఉందనీ ఒడిశాలోని గుణుపురం ప్రాంతం నుండి మీరు రాశారు. మాది ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి వైపు పల్లె. పెంకుటిల్లు, వెనుక పశువుల శాల, దాని పక్కన ధాన్యం కొట్టు, కట్టెల పాక ఉన్న ఇల్లు కనుక, మాకు ఏది ఫలితం ఇచ్చిందో చెబుతాను.

మందు పనిచేయకపోవడానికి కారణం ఎలుక స్వభావంలోనే ఉంది. అది కొత్త తిండిని నమ్మదు, ముందు కొద్దిగా కొరికి చూస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టించి కొద్ది గంటల్లోనే బాధ పెడుతుంది కాబట్టి, చావుకు చాలనంత తిని బ్రతికిన ఎలుక ఆ బాధకు ఆ తిండే కారణమని గుర్తుపెట్టుకొని చాలాకాలం దాని జోలికి పోదు. పొలాల్లో ఈ మందు వాడేవారు రెండు మూడు రోజులు మందు లేని నూకలను నూనెతో కలిపి పెట్టి, అలవాటు చేసిన తరువాతనే 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కలుపుతారు. అయినా ఇది పొలం గట్లకు తగిన మందే. దీనికి విరుగుడు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో, శాలలో దీన్ని ఇక పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందుగా దారులు మూయండి. చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులో నుండి కూడా దూరిపోగలదు, పెద్ద ఎలుకకు బొటనవేలు పట్టే కన్నం చాలు. ఉత్త మట్టితో పూడిస్తే ఆ రాత్రే తవ్వుకుంటాయి. సిమెంటులో గాజు పెంకులు కలిపి పూడ్చండి, తలుపుల అడుగున రేకు పట్టీ కొట్టించండి, కిటికీలకూ తూములకూ పావు అంగుళం కన్నుల ఇనుప మెష్ బిగించండి. పెంకుల కింద తిరిగే ఎలుకలు ఎక్కువగా చెట్ల మీద నుండే వస్తాయి కాబట్టి, ఇంటి కప్పు మీదికి వంగిన కొమ్మలను నాలుగైదు అడుగుల దూరం వరకు కొట్టేయాలి. మా ఇంట్లో అటక మీది అలికిడి తగ్గింది బోనుల వల్ల కాదు, పనస కొమ్మ ఒకటి నరికించిన తరువాతే.

కొట్టులో బస్తాలను గోడకు ఆనించకండి. గోడకూ బస్తాలకూ మధ్య మనిషి నడిచేంత సందు వదిలి, బస్తాలను చెక్క బల్లల మీద ఎత్తుగా పేర్చితే, ఎలుక దాగే చోటు పోతుంది, దాని పెంటికలూ కంటపడతాయి. తిండిగింజలకూ విత్తనాలకూ మూత బిగిసే రేకు డ్రమ్ములే మేలు. శాలలో తవుడు, చిట్టు తొట్టిలో రాత్రంతా మిగలనీయకూడదు. గడ్డివామును ఇంటికి దూరంగా వేయాలి.

ఈ పనికి సరైన కాలం కోతలకు ముందే. వరి కోసేసిన చేలల్లో తిండీ నీడా తగ్గేసరికి ఎలుకలు ఊరి వైపు మళ్లుతాయి. మన వైపు కొత్త ధాన్యం ఇంటికి చేరేది మార్గశిరం నాటికి. ఆ నెల లక్ష్మీవారాల పూజకు ఇల్లంతా అలికి శుభ్రం చేసే అలవాటు మన ఇళ్లలోనూ ఒడియా వారి ఇళ్లలోనూ ఉంది కనుక, ఆ శుభ్రాన్ని కొట్టు వరకు, కట్టెల పాక వరకు చేర్చితే చాలు. ఒక్క ఇంట్లో చేస్తే ఎలుకలు పక్కింటికి మారి తిరిగి వస్తాయి, అందుచేత వీధిలోని నాలుగు ఇళ్లవారూ ఒకే వారంలో చేయడం మంచిది.

లోపల మిగిలిన వాటికి బోనులు పెట్టండి. ఎలుకలు నడి గదిలో కాక గోడ వెంటే నడుస్తాయి కాబట్టి, స్ప్రింగు బోను మీట గోడ వైపు ఉండేలా పెట్టాలి. మొదటి కొన్ని రాత్రులు మీట ఎక్కించకుండా ఎండుచేప గానీ కాల్చిన కొబ్బరి గానీ ఉంచి తిననివ్వండి. ఆ తరువాత ఒకే రాత్రి ఎక్కువ బోనులను ఎక్కించండి. జిగురు అట్టలు నాకు సమ్మతం కావు. వాటి మీద ప్రాణి గంటల తరబడి నరకం అనుభవిస్తుంది, తొండలూ పిట్టలూ కూడా అంటుకుంటాయి. పొడవైన మూతితో, ఘాటు వాసనతో గోడవార తిరిగే చుంచు ప్రధానంగా పురుగులను తింటుంది, దాన్ని వదిలేయండి.

శాల చుట్టూ మట్టి కుప్పలు కనిపిస్తే అవి పందికొక్కులవి కావచ్చు. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసి, ఉదయం ఏవి తెరుచుకున్నాయో చూస్తే వాడుకలో ఉన్నవి తెలుస్తాయి. ఆ కలుగుల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వేస్తామని ఎవరైనా వస్తే ఇంటి దగ్గర ఒప్పుకోకండి, ఆ బిళ్లల నుండి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పునాది పగుళ్ల గుండా మనుషులు పడుకున్న గదిలోకి చేరగలదు.

తప్పనిసరైతే 0.005 శాతం బ్రోమాడియోలోన్ బిళ్లలను తాళం వేసిన పెట్టెలో, పిల్లలకూ కుక్కకూ అందని చోట పెట్టవచ్చు. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈ మందు కొన్ని రోజులకు గానీ పనిచేయదు, అందువల్ల ఎలుకకు అనుమానం కలగదు. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. కానీ చచ్చిన ఎలుకలను వెతికి లోతుగా పాతిపెట్టాలి, లేకుంటే వాటిని తిన్న పిల్లులకూ గుడ్లగూబలకూ విషం ఎక్కుతుంది. గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని మనవాళ్లు తరుముతారు, ఒడియా వారు దాన్ని లక్ష్మీదేవి వాహనంగా చూస్తారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఒడియా వారి పక్షమే, రాత్రంతా ఎలుకలను వేటాడే ఆ పక్షిని తరమకండి.

శుభ్రం చేసేటప్పుడు ఎలుక పెంటికలను పొడిగా ఊడవకుండా, బ్లీచింగ్ నీళ్లు చల్లి నానిన తరువాత, చేతులకు తొడుగులు వేసుకొని తీయండి. చేతులు పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి, ఎలుకల కోసం నాగుపాములు, కట్లపాములు ఆ మూలలకే వస్తాయి. ఆ తరువాతి వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ల ఎరుపు గానీ, ఒంటి మీద నల్లని పొక్కు గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, ఎలుకలు తిరిగే చోట పని చేశామని డాక్టరుకు తప్పక చెప్పండి. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు, ఎలుకలను ఆశ్రయించే చిగ్గర్ అనే చాలా చిన్న పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్‌కు మొదట్లోనే గుర్తిస్తే మంచి మందులు ఉన్నాయి.