జీరో రంగు కింద టెక్సాన్

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

జపాన్ జీరో యుద్ధవిమానం వేషం వేసిన ఆ టెక్సాన్ (అమెరికా శిక్షణ విమానం) మీద నీ చిత్తుప్రతి చదివాను. భాషకు వంక పెట్టను, పేచీ అంతా అంకెలతోనే. "సైనిక సీరియల్ 49తో మొదలైంది కాబట్టి 1949లో పుట్టిన టెక్సాన్" అని రాశావు. టెక్సాన్‌లలో టీ-6జీ అనే రకం దగ్గర ఆ లెక్క చెల్లదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు టెక్సాన్‌లను, అంటే ఏటీ-6లను విప్పి, బాగుచేసి, మళ్లీ కట్టి కొత్త సీరియల్ ఇచ్చారు. 168తో మొదలయ్యే కొత్త తయారీ సంఖ్య (ఫ్యాక్టరీ వేసే సంఖ్య) కూడా ఇచ్చారు. ఒకే ఒంటికి రెండు జాతకాలు! పైగా సీరియల్‌లో మొదటి రెండంకెలు చెప్పేది ఆర్డరు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఏడాది కాదు.

నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గియ్యి. తయారీ సంఖ్య, సైనిక సీరియల్, పౌర రిజిస్ట్రేషన్ మూడింటికీ మూడు గళ్లు. నాలుగోదాంట్లో ఆ సంఖ్యను ఎక్కడ చూశావో రాయి: విమానానికి బిగించిన డేటా ప్లేటు మీదా, రంగు మీదా, కాగితంలోనా? నాలుగో గడి ఖాళీగా ఉంటే మిగతా మూడూ దండగే.

42-85000 లాంటి సీరియల్‌ని తోక మీద 285000 అని రాసేవారు. అమెరికా నౌకాదళం తన విమానాలకు ఇచ్చే బ్యూరో నంబరు పూర్తిగా వేరే వరుస. సైన్యపు ఏటీ-6డీయే నౌకాదళంలో ఎస్‌ఎన్‌జే-5, బ్రిటన్‌లో హార్వర్డ్ 3. తయారీ సంఖ్య 14-తో మొదలైతే కెనడాలో నూర్డైన్ కంపెనీ చేసిన హార్వర్డ్ 2బీ అనుకో. సీసీఎఫ్4- అని ఉంటే కెనడియన్ కార్ అండ్ ఫౌండ్రీ వారి హార్వర్డ్ 4.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది విడిభాగాల మీది ముద్రల దగ్గర. ఏదో బ్రాకెట్ మీద 77- కనిపించగానే ఏటీ-6ఏ అని తేల్చేస్తారు. ఆ అంకె ఆ భాగాన్ని మొదట ఏ నమూనాకు గీశారో చెబుతుందంతే. అదే భాగాన్ని తర్వాతి రకాల్లోనూ వాడారు. ఎగ్జాస్టు గొట్టం చూసి రకం తేల్చడమూ అంతే, దాన్ని ఒక పూటలో మార్చేయొచ్చు.

ఇక వేషం మార్చిన విమానాలు. 1970 నాటి 'టోరా! టోరా! టోరా!' సినిమా కోసం హార్వర్డ్, టెక్సాన్‌లను జపాన్ జీరోలుగా, వల్టీ బీటీ-13లనే మరో రకం అమెరికా శిక్షణ విమానాలను వాల్ అనే జపాన్ బాంబర్లుగా మార్చారు. కేట్ అనే మరో జపాన్ బాంబరు వేషం మరీ చిక్కు: టెక్సాన్ ఒంటికి బీటీ-13 తోక. రెండు విమానాల సంఖ్యలూ రాసుకో, ఏ భాగం దేనిదో విడిగా చెప్పు. గుర్తింపు మాత్రం డేటా ప్లేటును బట్టే. ఆ ప్లేటు కూడా ఇంకో శిథిలం నుంచి వచ్చి ఉండొచ్చు, అందుకే కాగితం కావాలి. అమెరికా రిజిస్టర్‌లో ఉన్న విమానమైతే ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రిజిస్ట్రీ నుంచి దాని ఫైలు కొనుక్కోవచ్చు. పెద్ద మార్పులు ఫారం 337లో దొరుకుతాయి. రిజిస్టర్‌లోని 'సీరియల్' గడిలో ఒకరు తయారీ సంఖ్య, మరొకరు బ్యూరో నంబరు రాయించుకుని ఉంటారు. ఎన్-నంబర్లను (అమెరికా పౌర రిజిస్ట్రేషన్లను) మళ్లీ వేరే విమానాలకు ఇస్తారు కూడా, కాబట్టి తేదీ లేని ఫొటోలో కనిపించిన ఎన్-నంబరు సాక్ష్యం కాదు.

చేయి తిరగడానికి బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నౌకాదళ విమానం టీయూ-142 చాలు. అది శిక్షణ విమానం కాకపోయినా, కనిపించిన ప్రతి అంకెనూ ఎక్కడుందో సహా రాసుకోవడం అక్కడే నేర్చుకో. సముద్రం పక్కన ఉప్పుగాలికి విమానాలకు మళ్లీ మళ్లీ రంగు వేయక తప్పదు. పాత అంకెల మీద కొత్త రంగు వేస్తే అంచులు కాస్త ఉబ్బుగా మిగులుతాయి, పొద్దున్నే ఏటవాలు ఎండలో వెతుకు. నౌకాదళపు విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా కంచె దగ్గర మాత్రం కెమెరా బయటికి తియ్యకు.

ఎక్కడైనా ప్రదర్శనకు పెట్టిన కిరణ్ (మన దేశపు జెట్ శిక్షణ విమానం) కనబడితే రెక్కల కింద చూడు. ఆయుధాలు తగిలించే చోట్లు నాలుగుంటే మార్క్ 2, రెండుంటే మార్క్ 1ఏ. ఇంజిన్ మిగిలి ఉంటే ఇంకా తేలిక: మార్క్ 2కి ఆర్ఫియస్, మిగతావాటికి వైపర్. వాయుసేన కిరణ్ సంఖ్యకు ముందు యూ అక్షరం, నౌకాదళానికైతే ఐఎన్.

మూడో పేరా తిరగరాసి పంపు. ఫైలు చేతికొచ్చేదాకా ఆ జీరో పుట్టిన ఏడాది దగ్గర ఖాళీ వదిలెయ్.