కార్డు ఒకడిది, బొమ్మ వంద మందికి

ప్రశ్న: సార్, మాది జగిత్యాల దగ్గర పల్లె. షార్జాలో పని, రూములో ఐదుగురం ఉంటాం. డిష్ షాపతను ఏడాది డబ్బులు ఒకేసారి తీసుకుని, నెట్‌తో నడిచే బాక్సు పెట్టాడు. కార్డు లేకుండానే అన్ని చానళ్లూ వచ్చేవి. మూడు నెలలుగా సరిగ్గా మ్యాచ్ ఆఖరి ఓవర్లోనే బొమ్మ ఆగిపోతోంది. కొన్ని చానళ్లు మొత్తానికే నల్లగా ఉంటున్నాయి. కొత్త బాక్సు కొంటే వస్తాయంటున్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దు. కార్డంటే డబ్బు కట్టినవాళ్లకు చానల్ కంపెనీ ఇచ్చే చిప్పు కార్డు. అది లేకపోవడమేమీ లేదు, మీ బాక్సులో లేదంతే, ఎక్కడో ఒకడి దగ్గరుంది. వాడు దాన్ని నెట్ మీద మీ అందరికీ పంచుతున్నాడు, దీన్నే కార్డు షేరింగ్ అంటారు. చానల్‌కు వేసే తాళం చెవిని కంట్రోల్ వర్డ్ అంటారు. మామూలుగా 64 బిట్లు (సున్నా, ఒకటి అంకెలు) ఉంటుంది గానీ సరిచూసుకోవడానికి 16 పోతే అసలు గుట్టు 48 బిట్లే. అంత చిన్న గుట్టును ఎక్కువసేపు ఉంచలేరు, అందుకే దాదాపు పది సెకన్లకోసారి మార్చేస్తుంటారు. మారిన ప్రతిసారీ కొత్త చెవి కోసం మీ బాక్సు నెట్ మీద ఆ కార్డున్న సర్వర్‌ను అడగాలి, జవాబు టైముకి రావాలి. మ్యాచ్ రోజు జనమంతా ఒకేసారి సర్వర్ మీద పడ్డారా, జవాబు రావడం లేటవుతుంది, బ్యాట్ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోతాడు.

నల్లబడ్డ చానళ్ల సంగతి వేరు. అక్కడ కార్డుకూ బాక్సుకూ జత కలిపేసి ఉండొచ్చు, దీన్నే పెయిరింగ్ అంటారు. కార్డు ఇచ్చే జవాబుకు మళ్లీ ఇంకో తాళం పడుతుంది, అది ఆ ఒక్క బాక్సు చిప్పు లోపలే విడుతుంది. నెట్ మీద మీదాకా వచ్చినా మీకు పనికిరాదు. కొత్త బాక్సు కొన్నా అందులో ఆ చిప్పు ఉండదు కదా!

మన ఊళ్లో డీటీహెచ్ చూస్తుంటే తెర మీద ఓ మూల అంకెలు మెరిసి మాయమవుతాయే (మా అమ్మ వాటిని రీచార్జ్ నంబరనుకునేది), అవి బొమ్మను రికార్డు చేసి తిప్పేవాళ్లను పట్టడానికి. కార్డు షేరింగ్‌లో పంచేది బొమ్మ కాదు, తాళం చెవి మాత్రమే, కాబట్టి దాన్ని పట్టడానికి ఈ అంకెలు పెద్దగా పనికిరావు.

ఇంకొకటి. మీ బాక్సు ఏ నెట్ అడ్రస్ నుంచి అడుగుతోందో సర్వర్ నడిపేవాడికి కనిపిస్తూనే ఉంటుంది. వాడు దొరికితే ఆ లిస్టు కూడా దొరుకుతుంది, వీసా మీద బతికేవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు? ఐదుగురూ తలా కొంత వేసుకుంటే అసలు కనెక్షన్ మరీ భారం కాదు. ఈలోగా ఆ షాపతన్ని, కొత్త బాక్సుకు చానల్ కంపెనీ పేరు మీద రసీదు ఇస్తావా అని అడిగి చూడండి.