హాబ్స్‌బర్గ్ వంశం మేనరికాల వల్లే అంతరించిందా?

యూరప్‌లో స్పెయిన్‌నూ, వియన్నా కేంద్రంగా ఆస్ట్రియానూ ఏలిన ఈ వంశంలో మేనరికాలతో ఆరిపోయింది స్పెయిన్ శాఖ. అక్కడి రాజు నాలుగో ఫిలిప్ 1649లో సొంత చెల్లెలి కూతురు మరియానాను పెళ్లాడాడు. ఆ పిల్లను మొదట అతని కొడుక్కే అనుకున్నారు. 1646లో ఆ కుర్రవాడు పోవడంతో తండ్రే పెళ్లికొడుకయ్యాడు. వాళ్లకు పుట్టిన రెండో చార్లెస్ జీవితమంతా రోగాలతో వేగి, 1700లో పిల్లలు లేకుండానే కన్నుమూశాడు. మేనమామకు పిల్లనిచ్చే ఆచారం మా ఇంట్లోనూ ఉంది, అందుకే ఈ సంగతి నేను తేలిగ్గా తీసుకోను. కానీ వియన్నాలో ఆ కుటుంబం 1918 దాకా ఏలింది. ఇదంతా వదిలేసి ఆ రాజుల పొడుచుకొచ్చిన దవడల బొమ్మలు చూపించే వీడియోలంటే నాకు ఒళ్లు మంట.

నన్నడిగితే ఆ ఇంటిని మేనరికం కంటే మశూచే ఎక్కువ ఏడిపించింది. నేను వియన్నాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు అమ్మ వచ్చింది. కపూచిన్ చర్చి కింద ఉన్న రాజ సమాధులకు తీసుకెళ్లాను. మెట్లు దిగగానే బూట్లు విప్పబోయింది, చలి అని నేనే ఆపాను. ఆస్ట్రియాను ఏలిన రాణి మరియా తెరెసా, ఆమె భర్త ఒకే పేటికలో ఉన్నారు. మూత మీద ఇద్దరూ అప్పుడే నిద్ర లేచి ఒకరినొకరు చూసుకుంటున్నట్టు చెక్కారు. ఆమెకు పదహారు మంది పిల్లలని చెబితే అమ్మ నోట మాట రాలేదు. చార్లెస్ జోసెఫ్, యోహానా, యోసెఫా, ముగ్గురూ మశూచికే పోయారు. యోసెఫా 1767లో, నేపుల్స్ రాజుతో పెళ్లికి బయలుదేరవలసిన సమయంలో. "అమ్మవారా?" అని అమ్మ చెయ్యి చెంప మీదికి వెళ్లింది. మా అమ్మమ్మ ముఖం నిండా ఆ మచ్చలే. మరుసటి ఏడాదే మరియా తెరెసా వైద్యుణ్ణి రప్పించి పిల్లలకు ముందుజాగ్రత్తగా మశూచి పొక్కుల రసినే కొద్దిగా ఎక్కించింది. జెన్నర్ కనిపెట్టిన మశూచి టీకాకు అప్పటికింకా 28 ఏళ్లు ఉంది. ఆ తల్లి తెగువను ఎవరూ చెప్పరు.

జనమంతా 1898లో జెనీవాలో హత్యకు గురైన ఎలిజబెత్ రాణి పేటిక దగ్గరే గుమిగూడతారు, మిగతావాళ్లను కన్నెత్తి చూడరు. అక్కడే కరోలినా ఫుక్స్ అనే ఆమె ఉంది. మరియా తెరెసాను చిన్నప్పుడు పెంచి, చదివించిన మనిషి. 1754లో ఆమె పోతే, రాజవంశం కాకపోయినా తమ మధ్యే ఉంచాలని మరియా తెరెసా పట్టుబట్టింది. అక్కడ వంశం బయటివాళ్లలో చోటు దక్కింది ఆమె ఒక్కరికే.

అమ్మ ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లల్ని చూసుకుంది. "జీతానికి పెంచిన మనిషేనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రాత్రి పిన్నికి ఫోన్ చేసి, రాజుల సంగతి పక్కనపెట్టి, ఫుక్స్ గురించే చెప్పింది.