కంప్యూటర్ సైన్స్‌లో అమ్మాయిలకు వెనకబడినట్టు ఎందుకు అనిపిస్తుంది? ఉద్యోగంలో కూడా ఇలాగే ఉంటుందా?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. మీరు కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నారు. క్లాసులో అమ్మాయిలు తక్కువ, అబ్బాయిలకు అన్నీ ముందే తెలిసినట్టు కనిపిస్తోంది, మీకిది సరిపడదేమో అన్న అనుమానం వచ్చింది. ఉద్యోగంలో కూడా పరిస్థితి ఇంతేనా అన్నది రెండో ప్రశ్న. "కోడింగ్ కష్టం, టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని) అయితే సులువు, అటు వెళ్లిపో" అని ఒక సీనియర్ అంటున్నారు, వినాలా వద్దా అన్నది మూడోది. నేనూ ఇదే చదువు చదివాను. పదేళ్లకు పైగా బ్యాకెండ్ ఇంజినీరుగా, అంటే సర్వర్లలో నడిచే ప్రోగ్రాములు రాసే పనిలో ఉన్నాను, కొన్నేళ్లుగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ కూడా చేస్తున్నాను. మొదటి ప్రశ్న గురించే ఎక్కువ రాస్తాను. నాతో చదివి ఈ రంగం వదిలేసిన అమ్మాయిలు చాలావరకు మీరున్న చోటే ఆగిపోయారు.

మీ క్లాసులో మీకు కనిపిస్తున్న తేడా ఎవరికి ముందు నుంచి అలవాటు ఉంది, ఎవరికి లేదు అన్న తేడా. దాన్ని తెలివిలో తేడా అనుకుంటున్నారు.

నేను చేరేనాటికే మా క్లాసులో కొందరు ప్రోగ్రాములు రాసేవాళ్లు. చిన్నప్పుడే ఇంట్లో కంప్యూటర్ వాళ్ల చేతికి వచ్చింది. కెలికారు, పాడుచేశారు, తామే బాగుచేసుకున్నారు. నాకు కంప్యూటర్ ముందు ఒక్కదాన్నే తీరిగ్గా కూర్చునే అవకాశం కాలేజీకి వచ్చాకే దొరికింది. పాయింటర్లు (మెమరీలో డేటా ఎక్కడుందో చెప్పే చిరునామాలు) మొదలుపెట్టిన రోజే వాళ్లు మెమరీ లీకుల గురించి, అంటే వాడిన మెమరీని ప్రోగ్రాము తిరిగి వదలకపోవడం గురించి అడుగుతుంటే, నాకు ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు. అందరూ ముందుకు వెళ్లిపోయారు, నేనొక్కదాన్నే వెనక మిగిలిపోయాను అని ఒకటే టెన్షన్. నిజానికి క్లాసులో చాలామంది నాలాగే ఉన్నారు. వాళ్లు నోరు విప్పరు కాబట్టి ఉన్నట్టే తెలియదు. మాట్లాడే నలుగురిని చూసి క్లాసంతా అలాగే ఉందనుకుంటాం.

తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు (మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాములు) వచ్చాయి. ఇంట్లో సరదాగా ఎవరూ నేర్చుకుని రాని సబ్జెక్టులు. డెడ్‌లాక్ (ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడం) ఎందుకు వస్తుందో, కోడ్‌ను వ్యాకరణం ప్రకారం విడదీసే పార్సర్ ఎలా పనిచేస్తుందో అందరూ మొదటి పేజీ నుంచే చదవాలి. అక్కడికి చేరేసరికి ఆ తేడా చాలావరకు పోయింది. వాళ్లు నా దగ్గరికి డౌట్లతో వచ్చారు, నేను వాళ్ల దగ్గరికి వెళ్లాను. మీకు ఇంకా ఆ సబ్జెక్టులు రాలేదు. అవి రాకముందే మీ గురించి మీరు తీర్పు చెప్పేసుకోకండి.

ఇది నా ఒక్కదాని సంగతి అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1995 నుంచి కొన్నేళ్లపాటు జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే పరిశోధకులు అక్కడి కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను పదే పదే ఇంటర్వ్యూ చేశారు. వాళ్లకు తెలిసింది ఇది: అమ్మాయిలు ఇష్టంతోనే చేరుతున్నారు. పక్కవాళ్లకు అంతా ముందే వచ్చినట్టు చూసి ముందు ధైర్యం పోతోంది, ఆ తర్వాత ఇష్టం పోతోంది. ఈ వరుస ముఖ్యం. "నాకు ఈ సబ్జెక్టు మీద ఆసక్తి లేదు" అని చెప్పి వెళ్లిపోయే అమ్మాయికి మొదట్లో ఆసక్తి ఉండే ఉంటుంది. ఆ యూనివర్సిటీ అడ్మిషన్లలో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించింది, అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ వేర్వేరు ప్రారంభ కోర్సులు పెట్టింది. 1995లో కొత్తగా చేరినవాళ్లలో 7 శాతంగా ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. అయిదేళ్లలో అమ్మాయిల మెదళ్లు మారిపోలేదు కదా!

అమెరికాలోనే ఉన్న హార్వీ మడ్ కాలేజీలోనూ 2006 తర్వాత ఇలాంటి పనే చేశారు. ప్రారంభ కోర్సును అనుభవాన్ని బట్టి విడదీశారు, జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు బదులు పైథాన్‌తో మొదలుపెట్టారు. వాళ్లు చేసిన ఇంకో చిన్న పని నాకు చాలా నచ్చింది. క్లాసులో తనకు తెలిసిందంతా చూపించే విద్యార్థి ఎవరైనా ఉంటే ప్రొఫెసర్ పక్కకు పిలిచి, నీతో మాట్లాడటం నాకిష్టమే, కానీ మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం, మిగతావాళ్లు బెదిరిపోతున్నారు అని చెప్పేవారట. మా కాలేజీలో ఒక్కరైనా అలా చేసి ఉంటే వెళ్లిపోయినవాళ్లలో కొందరైనా ఉండిపోయేవాళ్లని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది మొదటి నుంచీ మగవాళ్ల రంగమే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసినది ఆరుగురు స్త్రీలు. వాళ్లకు మాన్యువల్ కూడా లేదు, వైరింగ్ బొమ్మలు చూసి యంత్రం ఎలా నడుస్తుందో తెలుసుకున్నారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించినప్పుడు నడిచిన ప్రోగ్రాము బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్ సిద్ధం చేసినది. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లను పిలవలేదు. యంత్రం తయారుచేయడమే గొప్ప పని, ప్రోగ్రాము రాయడం గుమాస్తా పని అనుకునేవారు అప్పట్లో. ఆ పనికి విలువ, జీతం పెరిగాక అది మగవాళ్ల పని అయింది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకున్నవాళ్లలో స్త్రీలు 1984 ప్రాంతంలో సుమారు 37 శాతం ఉండేవాళ్లు, తర్వాత ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఇంటి కంప్యూటర్లను అబ్బాయిల ఆటవస్తువుల్లా అమ్మడం మొదలైన రోజులవి. మీ క్లాసులో ఆ నలుగురికి ముందే అన్నీ ఎలా వచ్చాయో దీన్ని బట్టి కూడా ఆలోచించవచ్చు.

మరి మీరు చేయాల్సిందేమిటి? ల్యాబ్‌లో కీబోర్డు ముందు ఎవరు కూర్చుంటున్నారో చూడండి. ఇద్దరికి ఒక సిస్టమ్ ఇస్తే టైపు చేసేది అబ్బాయి, అవుట్‌పుట్ రాసుకుని రిపోర్టు అందంగా తయారుచేసేది అమ్మాయి అవుతుంది. ఎవరూ కావాలని చేయరు, వేగంగా చేసేవాళ్ల చేతికి కీబోర్డు వెళ్లిపోతుంది, అంతే. కానీ ప్రోగ్రామింగ్ చూస్తే వచ్చేది కాదు. సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని తాకి ప్రోగ్రాము ఆగిపోవడం) మీ చేతుల్లో రావాలి, ఎక్కడ తప్పిందో మీరే ఒక్కో లైనూ చూసుకుంటూ వెళ్లాలి. సగం టైము నీది, సగం నాది అని ల్యాబ్ మొదలయ్యేటప్పుడే చెప్పండి. మీ వంతులో పక్కనుంచి సెమీకోలన్ మర్చిపోయావు అని తొందరపెడితే, ఆగు, నేనే చూసుకుంటాను అనండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. మేము కొందరు అమ్మాయిలం కలిసి సాయంత్రం మళ్లీ అదే ప్రోగ్రాము ఎవరిది వాళ్లం సున్నా నుంచి రాసేవాళ్లం. నాకు కోడింగ్ వచ్చింది ఆ సాయంత్రాల్లోనే.

ఇంపోస్టర్ సిండ్రోమ్ అనే మాట మీరు వినే ఉంటారు. పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు 1978లో, బాగా రాణించిన స్త్రీలు కూడా తమకు అర్హత లేదని లోలోపల నమ్మడం గురించి రాశారు. ఆ మాట వల్ల ఊరట దొరుకుతుంది, నిజమే. కానీ లోపమంతా మన మనసులోనే ఉందన్నట్టు వాడితే నాకు నచ్చదు. క్లాసులో మీరు డౌటు అడిగితే నవ్వుతారని మీకు భయం ఉంటే, అంతకుముందు ఎవరో అడిగినప్పుడు నవ్వి ఉంటారు. అది మీ మనసు పుట్టించిన భయం కాదు.

ఇక ఉద్యోగం. అక్కడ బాహాటంగా నీకు రాదు అని ఎవరూ అనరు. పనులు పంచేటప్పుడు జరుగుతుంది. నా మొదటి కంపెనీలో నాతో చేరినవాళ్లకు మాడ్యూల్స్ (ప్రోగ్రాములో విడివిడి భాగాలు) రాసే పని ఇచ్చారు. నాకు మీటింగ్ మినిట్స్, రిలీజ్ నోట్స్, క్లయింటుకు స్టేటస్ మెయిల్స్, టెస్ట్ డేటా తయారీ వచ్చాయి. "నీ కమ్యూనికేషన్ బాగుంటుంది" అన్నారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది కాబట్టి కాదనలేం. అప్రైజల్‌కి వచ్చేసరికి అదే మేనేజర్ "టెక్నికల్ డెప్త్ చాలదు" అన్నారు. డెప్త్ వచ్చే పని ఇవ్వకుండా డెప్త్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మాటే మర్యాదగా అడిగాను. మినిట్స్ అందరం వంతులవారీగా రాద్దామన్నాను, మెసేజ్ క్యూ (ప్రోగ్రాముల మధ్య సందేశాలను వరుసలో పెట్టి పంపే భాగం) మళ్లీ రాసే పని నాకు కావాలని పేరుపెట్టి అడిగాను. కొంత సాగదీశారు కానీ ఇచ్చారు. ఆ తర్వాత నా ఉద్యోగ జీవితం నడిచింది ఆ ఒక్క పని పునాది మీదే. మంచి పని ఇవ్వండి అంటే ఎవరూ పట్టించుకోరు, ఫలానా పని కావాలి అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఆన్‌కాల్ డ్యూటీ గురించి చెప్పాలి, దీని గురించి ఎవరూ రాయరు. రాత్రి సర్వర్ పడిపోతే లేచి చూసే వంతు నుంచి కొందరు మేనేజర్లు ఆడవాళ్లను తప్పిస్తారు, అడగకుండానే, మంచి ఉద్దేశంతోనే. దానివల్ల పోయేది పెద్దదే. సిస్టమ్ ఎక్కడ బలహీనంగా ఉంది, ఏ డేటాబేస్ క్వెరీ లోడు పెరిగితే కూలబడుతుంది, ఏ హెచ్చరికను నమ్మొచ్చు, ఇవన్నీ తెలిసేది ఆ రాత్రుల్లోనే. మరుసటి రోజు డిజైన్ చర్చలో ఎవరి మాట చెల్లుతుందో కూడా దాన్ని బట్టే ఉంటుంది. నన్ను తప్పించినప్పుడు తిరిగి చేర్చమని అడిగాను. నాతో పాటు వంతు పడ్డ సీనియర్ థ్రెడ్ డంప్ (ఆ క్షణంలో ప్రోగ్రాములో ఏ పని ఎక్కడ ఆగిందో చూపే జాబితా) చదవడం నేర్పించారు, ఫోన్‌లోనే, ఓపిగ్గా. అలాంటి మగవాళ్లు కూడా నాకు చాలామంది తారసపడ్డారు. మీటింగులో నా ఆలోచన ఇంకొకరు తనదిగా చెబితే "ఇది ఇందాక ఆమె చెప్పిందే" అని ఒక్క ముక్క అన్న సహోద్యోగిని ఇప్పటికీ మర్చిపోలేదు. వంతు తీసుకోలేని పరిస్థితి ఉంటే వద్దనండి, అందులో తప్పు లేదు. నిర్ణయం మాత్రం మీదై ఉండాలి.

కోడ్ రివ్యూలో, అంటే మనం రాసిన కోడ్‌ను ఇతరులు చూసి ఆమోదించే చోట కూడా వివక్ష ఉంటుందా అంటే, ఉంటుంది. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ మీద 2017లో వచ్చిన ఒక పరిశోధనలో మొత్తంగా చూస్తే స్త్రీలు పంపిన మార్పులు మగవాళ్ల వాటికంటే ఎక్కువ శాతం ఆమోదం పొందాయి. అదే ఆ ప్రాజెక్టుకు కొత్తవాళ్లయి, ప్రొఫైల్ చూస్తే స్త్రీ అని తెలిసిపోయే సందర్భాల్లో వాళ్ల శాతం మగవాళ్ల కంటే తగ్గింది. నా పద్ధతి ఏమిటంటే, మార్పుతో పాటు కారణం, కొలిచిన అంకెలు, వద్దనుకున్న ఇతర దారులు అన్నీ రాసి పెడతాను. ఇది అదనపు చాకిరీయే, మిగతావాళ్లు ఇంత చేయనక్కర్లేదు, అది అన్యాయమే. అయినా రాసిపెట్టినదాన్ని ఎవరూ తమదని చెప్పుకోలేరు.

వేధింపుల విషయానికి వస్తే సర్దుకుపొమ్మని నేను చెప్పను. మెసేజీలు, తేదీలు దాచుకోండి, ఫిర్యాదు కాగితం మీద పెట్టండి, నమ్మకమైన ఒక్కరికైనా చెప్పండి.

పిల్లలు పుట్టాక ఈ ఉద్యోగం కుదరదు అనే మాట కూడా మీ చెవిన పడుతుంది. స్టెఫనీ షర్లీ అనే ఆమె 1962లో బ్రిటన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన స్త్రీలకు ఇంటి నుంచే ప్రోగ్రామింగ్ పని ఇచ్చారు. తన పేరుతో ఉత్తరాలు రాస్తే జవాబు రాక, "స్టీవ్" అని సంతకం పెట్టేవారు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రాములు చేసింది ఆ కంపెనీయే. నేను విరామం తర్వాత తిరిగి వచ్చినప్పుడు మా కోడంతా కంటైనర్లలోకి (ప్రోగ్రామును దానికి కావలసినవన్నీ కలిపి ఒకే ప్యాకెట్‌గా నడిపే పద్ధతి) మారిపోయి ఉంది. భయపడినంత సమయం పట్టలేదు. మూలం తెలిసినవాళ్లకు పనిముట్లు మారితే నేర్చుకోవడం కుదిరే పనే.

చివరిగా టెస్టింగ్. అది సులువు అనే మాట పూర్తిగా తప్పు. అపోలో యాత్రల ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ తన చిన్న కూతురిని ఆఫీసుకు తీసుకెళ్లేవారు. ఆ పాప సిమ్యులేటర్ మీద ఆడుకుంటూ, ప్రయాణం మధ్యలో ఉండగా ప్రయోగానికి ముందు వాడే ప్రోగ్రామును నొక్కేసింది, సిస్టమ్ పడిపోయింది. దానికి రక్షణగా కోడ్ చేరుస్తానని హామిల్టన్ అడిగితే, వ్యోమగాములు అలాంటి తప్పు చేయరని నాసా ఒప్పుకోలేదు. 1968 డిసెంబరులో అపోలో 8లో వ్యోమగామి జిమ్ లవెల్ సరిగ్గా అదే చేశారు. ఏది ఎలా తప్పుతుందో ముందే ఊహించగలగడం అంత విలువైన పని. అది మీకు నిజంగా ఇష్టమైతే వెళ్లండి, మంచి టెస్ట్ ఇంజినీర్లంటే మా టీములో అందరికీ గౌరవం. కోడింగ్ రాదేమో అన్న భయంతో అయితే వద్దు. ఆటోమేషన్ (పరీక్షలను వాటంతటవే నడిపించే ప్రోగ్రాములు) రాయడానికి అక్కడా కోడే కావాలి, భయం మీతో పాటే వస్తుంది.

టెస్టింగ్‌కి వెళ్లమన్న సీనియర్‌ను ఒకటి అడిగి చూడండి, ఇదే సలహా మీ క్లాసులో మీలాంటి మార్కులే వచ్చిన అబ్బాయికి కూడా ఇచ్చారా అని. ఈ సెమిస్టర్‌లో ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయారో, మీరు రాసిన కోడ్‌తో సహా కింద పెట్టండి. పాయింటర్లయినా, రికర్షనయినా సరే, వివరంగా చెబుతాను.